పల్లెల్లో మంటలార్పే నీరు: హైడ్రెంటు మేలా, చెరువు మేలా?

చెరువుగట్టు: తాగునీటి పైపులకు హైడ్రెంట్లు (ఫైరింజను నీరు పట్టుకునే కుళాయిలు) బిగిస్తే చాలునన్న వాదనను నేను ఒప్పుకోను. ఇళ్లకు నీరిచ్చే సన్నని పైపులో ప్రవాహం రెట్టింపైతే, రాపిడి వల్ల పోయే ఒత్తిడి దాదాపు నాలుగింతలవుతుంది కాబట్టి, నిమిషానికి వెయ్యి లీటర్లు కోరే పంపుకు అది నీరందించలేదు. చెరువులోంచి గట్టు మీదికి లావుపాటి పైపు వేసి, ఫైరింజను నిలిచేందుకు గట్టి నేల చూపితే, ఇంజనే నీటిని పీల్చుకుంటుంది.

పైపులైను: మా గడ్డివాము అంటుకున్నప్పుడు ఇంజను చెరువు దగ్గరికే వెళ్లింది. పైపు చివర జాలీకి నాచు, బురద పట్టుకుని పంపుకు నీరందలేదు. వాముతో పాటు పశువుల పాక కూడా బూడిదైంది. ఇంకా చెరువునే నమ్మమంటారా?

చెరువుగట్టు: జాలీకి పైనా కిందా కనీసం రెండేసి అడుగుల నీరుండాలి. పైన నీరు తక్కువైతే సుడి తిరిగి గాలి చొరబడుతుంది, కింద తక్కువైతే బురద లాగుతుంది. మీ దగ్గర జాలీని సరిగా అమర్చలేదు.

వేసవి: ఎండాకాలంలో నీటిమట్టం దిగిపోతే ఏం చేస్తారు?

చెరువుగట్టు: పంపు పీల్చినప్పుడు నీటిని పైకి నెట్టేది వాతావరణ పీడనమే. అది సముద్రమట్టం దగ్గర కూడా నీటిని 10.3 మీటర్లకు మించి ఎత్తలేదు, ఆచరణలో 7 మీటర్లు దాటితే కష్టమే. అందుకే ఎండాకాలపు మట్టాన్ని చూసి స్థలం ఎంచుకోవాలి.

పైపులైను: మీ మీటర్ల లెక్కలు నా పాకను తెచ్చివ్వవు!

నీటిచుక్క: ఓవర్‌హెడ్ ట్యాంకుకు పెద్ద వాల్వు పెట్టించి, ట్యాంకర్లు నింపుకోవచ్చు కదా?

పైపులైను: నా బాధ జాలీ లోతు గురించి కాదండీ. చెరువు ఊరందరిదీ కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. తాగునీటి పైపుకైతే జీతం తీసుకునే మనిషి ఉంటాడు, నీళ్లు రాకపోతే మర్నాడే వెళ్లి నిలదీయగలం. పాక కాలిన రోజున నేను నిలదీయడానికి ఒక్కరూ లేరు.

చెరువుగట్టు: ఆ మాట ముందే చెప్పి ఉంటే ఇంత వాదించేవాణ్ణి కాదు. ఆ ఉద్యోగికే చెరువు పైపును కూడా అప్పగించి, ఇంజను తెప్పించి అందరి ముందూ నీరు పీల్చి చూపించాలి. కానీ హైడ్రెంటుకు మాత్రం ఒప్పుకోను. పంపు బలంగా లాగితే పైపులో ఒత్తిడి పడిపోయి, పగుళ్లలోంచి మురుగు తాగునీటిలో కలిసే ప్రమాదం ఉంది. కాపలా మనిషి ఎంత మంచివాడైనా దాన్ని ఆపలేడు.

పైపులైను: అయితే ఆ మనిషి పేరూ ఫోన్ నంబరూ చెరువు పైపు పక్కనే బోర్డు మీద రాయించండి. అంతవరకు నా ఓటు హైడ్రెంటుకే.