రెండు పేజీలు రాస్తే మార్జిన్‌లో ‘అయితే ఏంటి?’ అని పెట్టారు. హైస్కూల్ ఇంగ్లీష్ ఎలా చదివారో చెప్పండి

వెనకబెంచీ:
హైస్కూల్లో ఇది నాకు రెండో ఏడు. పోయినేడాది వరకూ ఇంగ్లీష్ అంటే ఖాళీలు పూరించడం, యాక్టివ్‌ని పాసివ్‌లోకి మార్చడం. వాటిలో నాకెప్పుడూ మంచి మార్కులే. ఈ ఏడు ఒక కథ ఇచ్చి ‘దీని గురించి రాయండి’ అన్నారు. కథంతా పూసగుచ్చినట్టు రెండు పేజీలు రాశాను. గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు. మేడమ్ మార్జిన్‌లో ఎర్ర సిరాతో ‘అయితే ఏంటి?’ అని రాసి 20కి 8 వేశారు. కథ అర్థమైందని చూపిస్తే చాలదా? ఇంకేం రాయాలి? ఈ దశ దాటినవాళ్లు మీరేం చేశారో చెప్పండి.

కామాకింగ్:
క్లబ్బులోకి స్వాగతం తమ్ముడూ. నాకు ‘కథ నాకు తెలుసు’ అని రాశారు. దానికంటే నీదే నయం.

ఇద్దరమ్మాయిల అమ్మ:
మా పెద్దదానిదీ ఇదే గొడవ. కథ చెప్పమంటే గంట చెబుతుంది. ‘అతను అలా ఎందుకు చేశాడే?’ అంటే ‘పుస్తకంలో లేదమ్మా’ అంటుంది. పెద్దవాళ్లు ఏం చెబుతారా అని నేనూ చూస్తున్నా.

డిగ్రీలోపడ్డా:
నా కథ వినండి, నవ్వుకోవచ్చు. పరీక్షకి ముందు గైడులో ఉన్న వ్యాసం కామాలతో సహా బట్టీ పట్టాను. అందులో హీరో ధైర్యం గురించి ఉంది. పేపర్లో హీరో భయం గురించి అడిగారు. నేను ‘ధైర్యం’ అన్న ప్రతిచోటా ‘భయం’ అని పెట్టి అదే వ్యాసం దించేశాను. ‘అతని అపారమైన భయం అందరికీ స్ఫూర్తినిచ్చింది’ అని వచ్చింది. సార్ ఆ వాక్యాన్ని క్లాసులో చదివి వినిపించారు. ఆ రోజుతో గైడు మూసేశా.

పాతచాక్‌పీసు:
ఇంగ్లీష్ చెప్పి రిటైరయినవాణ్ణి. బాబూ వెనకబెంచీ, మీ మేడమ్ రాసింది తిట్టు కాదు, ప్రశ్న. కథ ఆవిడకీ తెలుసు. నువ్వు ఏం చూశావన్నదే ఆవిడకి తెలియదు. కథంతా వద్దు గానీ, అందులో నీకు గుర్తుండిపోయిన వాక్యం ఒక్కటి ఇక్కడ పెట్టు, చూద్దాం.

వెనకబెంచీ:
మాస్టారూ, చివరి వాక్యం. ‘ద లెటర్ వాజ్ బర్న్డ్.’ అంతకుముందు ఆ ఉత్తరం కోసం ఇంట్లో అందరూ వెతుకుతుంటారు. మా క్లాసులో దీన్ని పాసివ్ వాయిస్‌కి ఉదాహరణగా రాసుకున్నాం. అంతే.

పాతచాక్‌పీసు:
చేతిలో బంగారం పెట్టుకుని పాసివ్ అని చీటీ అంటించి పక్కన పడేశారన్నమాట! చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి అమ్మ దగ్గరికెళ్లి ఏమన్నావు? ‘గ్లాసు పగిలిపోయిందమ్మా’ అన్నావా, ‘పగలగొట్టాను’ అన్నావా? ‘పగిలిపోయింది’ అన్న మాటలో నువ్వు లేవు. గ్లాసు దానంతటదే పగిలింది! ఆ రచయిత చేసిన పనీ అలాంటిదే. కాకపోతే తెలుగులో ‘కాలిపోయింది’ అంటే ఎవరూ కాల్చకపోయినా సరిపోతుంది. ‘వాజ్ బర్న్డ్’ అన్నచోట కాల్చిన చెయ్యి ఒకటి ఉందనే ఎక్కువగా తోస్తుంది, పేరు మాత్రం లేదు. ఇప్పుడు మూడు అడుగు: ఎవరు కాల్చి ఉంటారు? కథ చెప్పేవాడికి తెలుసా? తెలిస్తే ఎవరిని కాపాడుతున్నాడు? జవాబు కోసం కథలోకి వెనక్కి వెళ్లు. దొరికినవాటిని ఆ మాటలతోనే చూపించు. ‘అయితే ఏంటి?’కి జవాబు అదే.

ఇంకో మాట. కథ రాసినవాడు వేరు, కథ చెప్పేవాడు వేరు. ‘నేను’ అని కథ నడిపే పాత్ర అబద్ధం ఆడవచ్చు, దాచవచ్చు. పిల్లలు ఈ ఇద్దర్నీ కలిపేసి ‘రచయిత తన తమ్ముణ్ణి ద్వేషించాడు’ అని రాస్తుంటారు. పాపం, ఆ రచయితకి తమ్ముడే లేకపోవచ్చు.

కామాకింగ్:
గ్లాసు ఉదాహరణకి దండం మాస్టారూ. పదేళ్ల కింద ఎవరైనా ఇలా చెప్పి ఉంటే...

ఛందోమిత్ర:
పద్యాల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా. ఇంగ్లీష్ పద్యం అనగానే భయపడేవాళ్లు తెలుగు క్లాసులో గణవిభజన చేసినవాళ్లే, అదే నాకు విచిత్రం. అయాంబిక్ పెంటామీటర్ అంటే పాదానికి మామూలుగా పది సిలబుల్స్, తేలిక-బరువు జంటలు ఐదు. ఉత్పలమాలలో భ-ర-న-భ-భ-ర-వ కట్టిన చేతికి ఇదెంత? కానీ ఒకచోట నేను బాగా దెబ్బతిన్నా. మన గురువు-లఘువు కాలం లెక్క: దీర్ఘమా, పక్కన సంయుక్తాక్షరం ఉందా అని చూస్తాం. ఇంగ్లీష్‌లో లెక్క గొంతు ఎక్కడ ఊనుతుందన్నది. నేను ఆ రెండూ ఒకటే అనుకుని దీర్ఘం కనిపించిన ప్రతిచోటా గురువు పెట్టా. ఒక్క పాదమూ కుదరలేదు.

ప్రాస కూడా అంతే. మనకి ప్రాస పాదంలో రెండో అక్షరం, వాళ్లకి పాదం చివర. షేక్‌స్పియర్ పద్ధతి సానెట్‌లో 14 పాదాలు: నాలుగేసి పాదాల ముక్కలు మూడు, ఆఖర్న జంట పాదాలు. ఆ జంట దగ్గర మాట మలుపు తిరుగుతుందేమో చూడండి. చాలాసార్లు అక్కడే అసలు సంగతి ఉంటుంది.

రాత్రిచదువు:
ఊనిక అంటే గుర్తొచ్చింది. ‘ఫొటోగ్రాఫ్’లో బరువు మొదట్లో. ‘ఫొటోగ్రఫర్’లో రెండో సిలబుల్ మీద. ‘ఫొటోగ్రాఫిక్’లో మూడోదాని మీద. మాట పెరిగే కొద్దీ బరువు జరుగుతోంది. నేను మూడింటినీ ఒకేలా పలికేదాన్ని, ఎదుటివాళ్లు మళ్లీ అడిగేవాళ్లు. తప్పు నా గ్రామర్‌లో ఉందనుకుని ఏడాది టెన్సులు చదివా! ఫోన్లో నా గొంతు రికార్డు చేసుకుని విన్నాక తెలిసింది. ఇంకోటి, తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కదా, అందుకే బస్సు, పెన్ను, బుక్కు అంటాం. ఇంగ్లీష్ చదివేటప్పుడు కూడా ఆ చివరి ‘ఉ’ వెంటే వస్తుంది. రోజూ ఒక పేరా గట్టిగా చదివి ఆ ‘ఉ’ని పట్టుకునేదాన్ని, దొంగని పట్టుకున్నట్టు.

ఇద్దరమ్మాయిల అమ్మ:
మా చిన్నదానికి ‘ఎ’, ‘ద’ ఎక్కడ పెట్టాలో ఎంత చెప్పినా ఎక్కట్లేదు. తెలుగులో అవి లేవు కదా, ఎలా చెప్పాలి?

పాతచాక్‌పీసు:
లేకపోవడమేంటమ్మా! ‘అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు.’ మొదటిసారి ‘ఒక’, రెండోసారి ‘ఆ’. రెండోసారి కూడా ‘ఒక రాజుకి ఏడుగురు కొడుకులు’ అంటే వినే పిల్ల ‘ఇంకో రాజా?’ అని అడుగుతుంది. మొదటిది ‘ఎ’, రెండోది ‘ద’. అన్నిచోట్లా ఇది సరిపోదు. నదుల పేర్లకి ‘ద’ ఉంటుంది, ఎక్కువ దేశాల పేర్లకి ఉండదు, అవి అలవాటు మీద రావలసిందే. సగం చిక్కు మాత్రం ఈ రాజుతో తీరుతుంది. ‘ఎ’నా ‘యాన్’నా అన్నదానికి అక్షరం చూడొద్దు, శబ్దం వినమనండి. ‘యాన్ అవర్’, కానీ ‘ఎ యూనివర్సిటీ’.

డిగ్రీలోపడ్డా:
స్పెల్లింగుల మీద నా కోపం ఎలా పోయిందో చెప్తా. ‘డెట్’లో ‘బి’ ఎందుకని ఒక సార్‌ని అడిగితే ‘అలాగే ఉంటుంది, నేర్చుకో’ అన్నారు. తర్వాత తెలిసింది, ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ‘బి’ లేదట. లాటిన్ మూలం ‘డెబిటుమ్’ గుర్తుండాలని పండితులు తర్వాత ఇరికించారు. ‘ఐలాండ్’లో ‘ఎస్’ అయితే పూర్తిగా పొరపాటు. ‘ఐల్’ అనే వేరే మాటకి చుట్టమనుకుని చేర్చారు. ‘నైట్’ (రాత్రి కాదు, యోధుడు) ముందున్న ‘కె’ని ఒకప్పుడు నిజంగానే పలికేవారు. కాక్స్టన్ 1476లో ఇంగ్లండ్‌లో అచ్చు యంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడ్డాయి, పలికే తీరు మాత్రం దాని దారిన అది పోయింది. ఇది తెలిశాక స్పెల్లింగులు గుర్తుండటం మొదలైంది. మనం మాత్రం? ‘వ్రాయడం’ అని రాసి ‘రాయడం’ అని చదివినవాళ్లమే.

రాత్రిచదువు:
కొత్త మాటలకి నా పద్ధతి: చిన్న కార్డు, ఒక వైపు మాట, వెనక అర్థం కాకుండా నా సొంత వాక్యం. ఆ రోజు ఒకసారి, మూడో రోజు, వారానికి, నెలకి. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన 1885లోనే తన మీద తానే ప్రయోగం చేసుకుని, మర్చిపోవడం మొదట్లోనే వేగంగా జరుగుతుందని చూపించాడు. అర్థం లేని సిలబుల్స్ వందలకొద్దీ బట్టీ పట్టాడట. మన గైడు పిల్లలు ఆయన ముందు ఎందుకూ చాలరు.

కామాకింగ్:
అందరూ గైడుని తిడుతున్నారు గానీ, నాకు అది పనికొచ్చింది. కథ ముందు నేను చదివి, నాకు తోచింది రాసుకుని, ఆ తర్వాతే గైడు తెరిచేవాణ్ణి, గొడవ పడటానికి. ‘నువ్వన్నది తప్పు, ఫలానా పేజీలో చూడు’ అని పక్కన రాసేవాణ్ణి. కొన్నిసార్లు అదే గెలిచేది, ఒప్పుకుంటా. వ్యాసం రాసిపెట్టే యాప్‌లతో మాత్రం జాగ్రత్త. మా తమ్ముడు అలా ఇస్తే టీచర్ ఒక్కటే అడిగారట, ‘నీ మూడో లైన్లో ఈ మాటకి అర్థమేంటి?’ అని. వాడికి నోట మాట రాలేదు.

వెనకబెంచీ:
పది రోజుల తర్వాత వచ్చా. మళ్లీ రాసి ఇవ్వచ్చన్నారు. ఈసారి కథ మూడు లైన్లలో ముగించి ఆ ఒక్క వాక్యం దగ్గరే కూర్చున్నా. కథ చెప్పేది ఆ ఇంటి కొడుకు. మిగతా అన్నిచోట్లా ఎవరు ఏం చేశారో పేరు పెట్టి చెప్పాడు, ఉత్తరం దగ్గర మాత్రమే చెప్పలేదు. అంతకు రెండు పేజీల ముందు ‘అమ్మ చేతులు కడుక్కుంది’ అని ఊరికే ఒక వాక్యం ఉంది! నాలుగుసార్లు చదివాక కనపడింది. అది రాశా. 20కి 14. మార్జిన్‌లో ‘మరి కొడుకు ఎందుకు చెప్పలేదు?’ అని ఉంది. ఎర్ర సిరా తగ్గలేదు. పైగా ఉత్తరం కాదు, టెన్సు ముంచింది. ‘అతను దాచాడు, ఆమె కడుక్కుంది’ అని అన్నీ పాస్ట్‌లో రాస్తే మేడమ్ అన్నీ ప్రెజెంట్‌లోకి కొట్టారు. ఇది ఇక్కడ ఒక్కరూ చెప్పలేదేం?

పాతచాక్‌పీసు:
నాదే తప్పు బాబూ. కథలో జరిగేదాని గురించి రాసేటప్పుడు ఇంగ్లీష్‌లో ప్రెజెంటే వాడతారు. పుస్తకం ఎప్పుడు తెరిచినా ఆ అమ్మ అక్కడే చేతులు కడుక్కుంటూ ఉంటుంది కదా. రచయిత జీవితం గురించి, ఎప్పుడు పుట్టాడు, ఎప్పుడు రాశాడు అన్నవి మాత్రం పాస్ట్. ఆ కొడుకు సంగతి రాశాక ఇక్కడ పెట్టు.