అప్‌డేట్: మొదటి జిమ్నాస్టిక్స్ పోటీలో పిల్లలు బిగుసుకుపోకుండా ఏం చేయాలి?

సరదాగా నేర్చుకునే మా ఏడెనిమిదేళ్ల పిల్లలు సాధనలో చక్కగా చేస్తున్నా, కొత్తవాళ్లు చూస్తే చాలు బిగుసుకుపోతున్నారని, జిల్లా పోటీ దగ్గర పడుతోందని ఇక్కడ అడిగాను. పోటీ అయిపోయింది. అందరూ చివరిదాకా చేశారు! సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

బాగా పనిచేసింది నమూనా పోటీ. తల్లిదండ్రులను జడ్జీల బల్ల దగ్గర కూర్చోబెట్టాం. చూడటానికి వచ్చిన ఒక సీనియర్ జడ్జి అసలు చిక్కు పట్టుకున్నారు: పిల్లలకు విన్యాసాలన్నీ వచ్చు, ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియకే బెదిరిపోతున్నారు. జడ్జి సైగ చేయగానే చేతులు పైకెత్తి అభివాదం చేయడం, ముగిశాక మళ్లీ అటు తిరిగి అభివాదం చేయడం నేర్పాం. అవి అలవాటయ్యాక వాళ్ల ముఖాలే మారిపోయాయి.

బీమ్ (పైకెక్కి విన్యాసాలు చేసే సన్నని దూలం) వెడల్పు 10 సెంటీమీటర్లే, పడటం సహజం. అందుకే కావాలనే కిందికి దిగి, 10 సెకన్లలోపు మళ్లీ ఎక్కి, ఆగిన చోటి నుంచి కొనసాగించడం కూడా సాధన చేయించాం. పోటీలో ఒక పాప మలుపు దగ్గర జారింది. పెదవి బిగబట్టి, అరచేతులు తుడుచుకుని, వెంటనే ఎక్కేసింది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

గ్లూకోజు నీళ్లు, సంగీతం మార్చడం, కొత్త లియోటార్డ్‌లు (ఒంటికి అతుక్కుని ఉండే జిమ్నాస్టిక్స్ దుస్తులు), వీటి వల్ల తేడా ఏమీ కనిపించలేదు. అయితే వార్మప్ తర్వాత వంతు కోసం చాలాసేపు ఆగాల్సి వస్తుంది. ఒళ్లు చల్లబడకుండా పైన వేసుకోవడానికి ఒక జాకెట్ తప్పకుండా తీసుకెళ్లండి.