బడి వదిలాక ఆటలు: అందరికీ తప్పనిసరా, ఇష్టమున్నవాళ్లకేనా?

మెదక్ నాన్న
మా ఊరి ప్రభుత్వ హైస్కూల్లో బడి అయ్యాక ఒక గంట స్టడీ అవర్ ఉంటుంది. అందులో సగం ఆటలకిద్దామని పేరెంట్స్ మీటింగులో హెచ్‌ఎం గారు అన్నారు. అంతే, గొడవ మొదలు. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా అందరూ ఆడాల్సిందేనని కొందరు, ఇష్టమున్నవాళ్లు ఆడుకుంటారు, మిగతావాళ్లను చదువుకోనివ్వండని ఇంకొందరు. మీరేమంటారు?

లెక్కల టీచర్
ఇష్టమున్నవాళ్లకే. ఇంట్లో పుస్తకం తెరిచే చోటు లేని పిల్లలకు ఆ గంటే దిక్కు. ఇంటికెళ్తే టీవీ మోత, చంటి తమ్ముడు, అంట్లు. ట్యూషన్ ఫీజు కట్టగలిగేవాళ్లకు స్టడీ అవర్ తగ్గినా నష్టం లేదు. దెబ్బ పడేది కట్టలేనివాళ్ల మీదే.

గ్రౌండ్ సార్
చోటు సంగతి నిజమే సర్, కాదనను. కానీ నేను పీఈటీని, అంటే వ్యాయామం టీచర్ని, రోజూ గ్రౌండులో చూసేది చెప్తాను. ఇష్టమున్నవాళ్లకే అంటే ఉన్న ఒక్క వాలీబాల్ స్కూల్ టీమ్ చేతికి పోతుంది. మిగతా మగపిల్లలు బయటికెళ్లిన బంతి తెచ్చిస్తుంటారు. ఆడపిల్లలు బ్యాగులకు కాపలా. రిజిస్టర్లో మాత్రం అందరూ ఆడినట్టే.

ఆట ఎంచుకోవడంలోనూ మెలిక ఉంది. ఖోఖో మంచి ఆటే, నేనూ ఆడిస్తాను. అయితే తరిమే జట్టులో తొమ్మిది మందిలో ఎనిమిది మంది కూర్చునే ఉంటారు, పరుగెత్తేది ఒకడే. అవతల తప్పించుకునేవాళ్లు ఒక్కో విడతలో ముగ్గురు. అంటే ఏ క్షణం చూసినా కదిలేది నలుగురే. పైగా ఔటైతే పక్కకు. ముందు ఔటయ్యేది ఎవరు? ఎక్కువ ఆడాల్సినవాడే కదా, ఆ లావుపాటివాడో, బెదురుపిల్లో. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. గట్టు మీద కూర్చుంటే అది లెక్కకు రాదు.

అందుకే నేను ముగ్గుపిండితో నాలుగు చిన్న కోర్టులు గీస్తాను. ఒక్కోదాంట్లో ఐదుగురైదుగురు. ఒకచోట టెన్నికాయిట్ రింగు, ఒకచోట తాడు, ఒకచోట ముట్టుకునే ఆట. ఔటైనవాడు కూర్చోడు, పక్క కోర్టుకు పరుగెత్తాలి. ఇంకోటి, సర్ ఏమనుకోకపోతే: హోంవర్క్ తేనివాణ్ని గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టిస్తారు చూడండి, ముందు అది ఆపాలి. పరుగంటే శిక్ష అని మనమే నేర్పి, పిల్లలకు ఇష్టం లేదంటే ఎలా?

నల్గొండ అన్న
ఇంత ఎందుకు? టాలెంట్ ఉన్నవాళ్లను పట్టుకుని తయారు చేయాలి. మలావత్ పూర్ణ గురుకులంలో చదువుతూ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కలేదా?

గ్రౌండ్ సార్
ఎక్కింది, గర్వమే. ఇక్కడ అడిగింది మాత్రం ఎవరెస్ట్ గురించి కాదన్నా, మెట్లెక్కితే ఆయాసపడే ఏడో తరగతి పిల్లాడి గురించి.

ఇద్దరు ఆడపిల్లల తల్లి
తప్పనిసరి అనే ముందు నా మాట వినండి. మా పెద్దది తొమ్మిదో తరగతి. ఆడనంటుంది. ఇష్టం లేదని మీరు రాసుకుంటారు. అసలు కారణాలు వేరే. చున్నీ పిన్ను పెట్టుకుని ఎలా ఎగురుతుంది? గోడ మీద కూర్చుని కామెంట్లు చేసే కుర్రాళ్లు. బాత్రూమ్‌లో నీళ్లుండవు, ఆ నాలుగు రోజులైతే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం తిన్న అన్నం సాయంత్రానికి అరిగిపోతుంది, ఆకలితో ఏం ఆడుతుంది? ఆటో ఐదింటికి వెళ్లిపోతే మళ్లీ దొరకదు. ఇవి చూడండి, మా పిల్ల తప్పకుండా ఆడుతుంది.

లెక్కల టీచర్
రౌండ్ల శిక్ష మా బడిలోనూ ఉంది, స్టాఫ్ మీటింగులో అడుగుతాను. కానీ మీలాంటి పీఈటీ ఎన్ని బడుల్లో ఉన్నారు సర్? ప్రాథమికోన్నత తరగతుల్లో వంద మంది దాటితే వ్యాయామానికి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని, ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే రాశారు. మనిషిని ఇవ్వకుండా తప్పనిసరి అని సర్క్యులర్ పంపితే, చాక్‌పీసుతో గ్రౌండులో నిలబడేది నేనే.

మెదక్ నాన్న
మా దగ్గర పీఈటీ ఉన్నారండి. ఆటో వాళ్లతో నేను మాట్లాడతాను. బాత్రూమ్ ట్యాంకు మాట హెచ్‌ఎం గారికి చెప్తాను. అమ్మాయిలకు ట్రాక్ ప్యాంటు వేసుకోనిస్తారా అని కూడా అడుగుతాను.

లెక్కల టీచర్
అయితే ఒక్క షరతు. స్టడీ ముందు, ఆట తర్వాత. చెమటలు కారుతూ వచ్చి కూర్చుంటే లెక్కలు బుర్రకెక్కవు.

గ్రౌండ్ సార్
నేను ఒప్పుకోను సర్. పొద్దుట్నుంచీ బెంచీ మీదే ఉన్నారు. ఆట ముందు, ఓ పది నిమిషాలు మంచినీళ్లు, గుప్పెడు పల్లీలు, ఆ తర్వాత మీ లెక్కలు. తర్వాత పెడితే చీకటి పడుతుందని ముందుగా ఇంటికి పంపేది ఆడపిల్లలనే.

ఇద్దరు ఆడపిల్లల తల్లి
ఈ ఒక్క విషయంలో నేను గ్రౌండ్ సార్ వైపు.