కొత్త ఇంటి గోడలకి యూదుల ఆర్ట్ పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీ అనుభవాలు చెప్పండి

ఎడిసన్_కోడలు:
అందరికీ నమస్తే. మాది న్యూజెర్సీ. పోయిన నెలే టౌన్‌హౌస్‌లోకి మారాం. మా ఆయన యూదులు, నేను తెనాలి అమ్మాయిని. హాల్లో గోడలన్నీ తెల్లగా బోసిగా ఉన్నాయి. నా వైపు నుంచి ఒక కలంకారీ గుడ్డ ఉంది, ఆయన వైపు నుంచి మా కెతుబా (పెళ్ళి ఒప్పంద పత్రం) నాలుగేళ్ళుగా చుట్టచుట్టి గొట్టంలోనే ఉంది, ఇంకా మా అత్తగారు స్వయంగా కత్తిరించిన కాగితపు మిజ్రాహ్ (ప్రార్థన దిక్కు తెలిసేలా గోడకి పెట్టే పటం) ఒకటి. ఇల్లు మోడర్న్‌గా ఉండాలి, గిఫ్ట్ షాపులా మాత్రం అనిపించకూడదు. మనం దేవుడి పటం ఎక్కడ పడితే అక్కడ పెట్టం కదా, వాళ్ళకీ అలాంటివి ఉంటాయేమో, నాకు తెలీక తప్పు చేస్తానేమోనని భయంగా ఉంది.

గుంటూరు_వంశీ:
మిజ్రాహ్ అంటేనే తూర్పు అండి. యెరూషలేముకి పడమట ఉన్న దేశాల వాళ్ళు ప్రార్థనకి అటు తిరగాలి కాబట్టి తూర్పు గోడకి పెట్టుకునేవాళ్ళు, మీ అమెరికాలో కూడా తూర్పే. అదే మన దగ్గరైతే పడమర గోడ అవుతుంది. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) చూశాను, తోరా (వాళ్ళ పవిత్ర గ్రంథం) చుట్టలు పెట్టే మందసం పడమటి వైపే ఉంది, కింద తెలుపు నీలం చైనా టైల్స్, చేత్తో వేసినవి. మా జిల్లాలోనే చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదుల ప్రార్థనా మందిరం ఉంది, వాళ్ళకీ యెరూషలేము పడమటే. కాబట్టి ముందు ఫోన్లో దిక్కు చూసుకుని మేకు కొట్టండి, మిగతావన్నీ తర్వాత.

రెహోవోత్_రమ:
మేం ఆరేళ్ళుగా ఇజ్రాయెల్‌లో ఉంటున్నాం. మేం దిగిన ఇంట్లో గుమ్మానికి ఎదురు గోడ మీద అర మీటరు చదరం సున్నం లేకుండా వదిలేసి ఉంది. పని మధ్యలో ఆపేశారేమో అనుకుని, పెయింటర్ని పిలిపించమంటారా ఆంటీ అని ఇంటి ఓనరుని అడిగేశాను. రోమన్లు క్రీ.శ. 70లో యెరూషలేములో మా ఆలయం పడగొట్టారు కదా, దానికి గుర్తుగా ఇంట్లో అంత మేర అసంపూర్తిగా ఉంచుతారమ్మా అని ఆవిడ నెమ్మదిగా చెప్పారు. ఆ మాట విన్నాక దాని మీద ఏ ఫ్రేమూ పెట్టబుద్ధి కాలేదు. ఇప్పుడు హాల్లో నా కళ్ళు ముందు అక్కడికే పోతాయి. మీ అత్తగారింట్లో ఆ పద్ధతి ఉందేమో ఒక్కసారి అడగండి.

మోడర్న్ అంటున్నారు కాబట్టి ఇంకో మాట. యాకోవ్ అగామ్ అని ఇక్కడి ఆర్టిస్టు, 1928లో మా పక్క ఊరు రిషోన్ లెజియోన్‌లో పుట్టారు. ఆయన ప్రింట్లలో కొన్ని, మనం నడుస్తుంటే రంగులు మారిపోతుంటాయి. మా ఫ్రెండ్ ఒకావిడ సోఫా మీద పెట్టి, కూర్చుని చూస్తే ఏముంది ఇందులో అనేది, తీసి నడవాలో పెట్టాక పిల్లలు అక్కడే అటూ ఇటూ తిరుగుతున్నారు. అలాంటివి మనిషి నడిచే చోటే పెట్టాలి.

డాలస్_ఫ్రేమ్స్_ప్రసాద్:
నేను ఫ్రేమింగ్ షాపులో పనిచేస్తాను, కెతుబాలు చాలా వస్తాయి మాకు. ఎడిసన్ గారూ, దయచేసి ముందు దాన్ని గొట్టంలోంచి తీయండి. శుభ్రమైన కాగితాల మధ్య పెట్టి పైన బరువు పెడితే కొన్ని రోజులకి సాపు అవుతుంది, ఇస్త్రీ మాత్రం వద్దు. వెనక అట్ట, చుట్టూ మ్యాట్ (ఫ్రేము లోపలి అంచు అట్ట) రెండూ యాసిడ్ లేనివి అడగండి, గమ్‌తో అంటించొద్దని చెప్పండి, యూవీ గ్లాసు వేయించండి, కాగితం గాజుకి తగలకూడదు. అందులో సాక్షుల సంతకాలు ఉంటాయి, ఎండ పడితే ముందు పోయేది ఆ సిరాయే. ఒకరు దక్షిణం కిటికీ ఎదురుగా పెట్టుకుని ఏళ్ళ తర్వాత తెచ్చారు, బొమ్మలు ఉన్నాయి, సంతకాలు దాదాపు లేవు, ఆ అమ్మాయి కౌంటర్ దగ్గరే ఏడ్చేసింది.

కాగితం కత్తిరింపుకి మ్యాట్ వద్దు. వెనక పలకకి కొంచెం ఎడంగా నిలబెట్టమనండి, దీపం పక్కనుంచి పడితే నీడ కూడా డిజైనులో భాగమైపోతుంది. మోడర్న్ ఇంటికి దానికి మించింది లేదు నా లెక్కలో.

లత_మిన్నియాపొలిస్:
నేను చేసిన తప్పు మీరు చేయొద్దని చెప్తున్నా. హీబ్రూలో షాలోమ్ (శాంతి) అని ఉన్న పెద్ద క్యాన్వాస్ ఆన్‌లైన్లో కొన్నాను, నలుపు మీద బంగారు రంగు, చాలా బావుంది. మా పక్కింటి యూదుల పాప, ఎనిమిదేళ్ళది, చూసి ఆంటీ ఇది తిరగేసి ఉంది అంది. వాళ్ళది కుడి నుంచి ఎడమకి రాత, మూడు కొమ్మలుండే షిన్ కుడి చివర, మూసిన డబ్బాలా ఉండే మేమ్ ఎడమ చివర రావాలి, నాదాంట్లో అక్షరాలు ఎడమ నుంచి పేర్చేశారు. అమ్మినవాళ్ళు డబ్బు కూడా వెనక్కివ్వలేదు. ఏం రాసుందో చదివించుకోకుండా కొనొద్దు. దేవుడి పేరు రాసున్నదైతే బాత్రూమ్ వైపు అస్సలు వద్దు, అలాంటి కాగితం పాడైనా పారేయరు, పాతిపెడతారు.

అన్నట్టు సియోనా బెంజమిన్ బొమ్మలు చూడండి, ముంబైలో బెనె ఇజ్రాయెల్ అనే యూదుల కుటుంబంలో పుట్టినావిడ, ఉండేది మీ న్యూజెర్సీలోనే. బైబిలు స్త్రీలని నీలం రంగు ఒంటితో వేస్తారు, మనకి చూడగానే కృష్ణుడు గుర్తొస్తాడు. మీలాంటి ఇంటికి నిజంగా నప్పుతాయి.

ఎడిసన్_కోడలు:
ఇన్ని సంగతులు చెప్తారని అనుకోలేదు, అందరికీ థాంక్స్. మా తూర్పు గోడకి టీవీ ఉంది, దాన్ని బేస్‌మెంట్‌కి దింపేశాం. ఆ గోడకి మిజ్రాహ్ ఒక్కటే, కలంకారీ ఎదురు గోడకి. కెతుబా నిన్నే ఫ్రేమింగ్‌కి ఇచ్చాం, అది ఎండ రాని మెట్ల దగ్గర పెడతాం.

అత్తగారికి ఫోన్ చేశాను. వాళ్ళింట్లో ఆ వదిలేసిన గోడ లేదట. మిజ్రాహ్ గురించి మాత్రం గంట సేపు చెప్పారు. పోలండులో వాళ్ళ అమ్మమ్మలు చేసేవాళ్ళట ఈ పని, కాగితం సగానికి మడిచి కోస్తే రెండు సింహాలు ఒకేసారి వస్తాయట, అక్షరాలు మాత్రం మడత విప్పాకే కోయాలట. ఎడమ పక్క పిట్ట తోక చూడు అన్నారు. చూస్తే అక్కడ చిన్న అతుకుంది, ఇన్నేళ్ళూ నాకు కనిపించనే లేదు. అప్పుడు కడుపులో ఉన్న మా ఆయన తన్నాడట, కత్తి జారిందట.

డాలస్_ఫ్రేమ్స్_ప్రసాద్:
ఆ అతుకు అలాగే ఉంచమని ఫ్రేమ్ చేసేవాళ్ళకి ముందే చెప్పండి అమ్మా, తెలీక సరిచేసేస్తారు.

ఎడిసన్_కోడలు:
చెప్పేశానండి, కాగితం మీద రాసి కూడా ఇచ్చాను.