అప్‌డేట్: లింక్డ్‌ఇన్ ద్వారా ఏటికొప్పాక బొమ్మలకు ఆర్డర్ వచ్చింది

ఏటికొప్పాక లక్క బొమ్మలను దీపావళి కార్పొరేట్ గిఫ్టులుగా లింక్డ్‌ఇన్‌లో అమ్మొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ ఒక పోస్టులో అడిగాను కదా. హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆర్డర్ ఇచ్చింది, అడ్వాన్స్ కూడా పడింది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పనిచేసింది కంపెనీ పేజీ కాదు, నా సొంత ప్రొఫైల్. హెచ్‌ఆర్, అడ్మిన్ వాళ్లను వెతికి, ధరల పట్టిక పంపకుండా, రెండు వాక్యాల్లో పరిచయం చేసుకున్నాను. ఫోటోల కన్నా తయారీ వీడియోకే ఎక్కువ మంది స్పందించారు. తిరిగే అంకుడు కర్రకు (ఈ బొమ్మలు చేసే మెత్తటి చెక్క) రంగు లక్క తగిలి, రాపిడి వేడికి కరిగి అంటుకోవడం ఎంతసేపు చూసినా విసుగు రాదు! ఈ బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చిందని చెప్పడం కూడా నమ్మకం పెంచింది.

మాటలు మొదలయ్యాక వాళ్లు అడిగింది జీఎస్టీ బిల్లు, డెలివరీ తేదీ, శాంపిల్. శాంపిల్ మాత్రం ఉచితంగా ఇవ్వకండి, అందులో కళాకారుడి కూలి ఉంది. డబ్బు కట్టే తీసుకున్నారు. లోగో బొమ్మ మీద వద్దని, పెట్టె మీద వేయిద్దామని ఒప్పించాను. మిగతా సొమ్ము సరుకు చేరాక 30 రోజులకు ఇస్తామంటున్నారు, 15కు తగ్గించమని మాట్లాడుతున్నాను.