సమస్యాపూరణం: బల్ల మీద నున్న వాడె గెలిచె

పెన్నగట్టు (నెల్లూరు):
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఆట గురించి కదా, ఆటవెలదే సరి. పూరణ బాస్కెట్‌బాల్ మీదే ఉండాలి. బల్ల అంటే ఏ బల్లో మీ ఇష్టం.

బల్ల మీద నున్న వాడె గెలిచె

కడుపుమంటతో ఇచ్చిన సమస్య ఇది. మన ఊరి జట్టు మొన్న ఆడిన మూడు ఆటలూ చూశా. మొదటి రెండూ పోయినాయి, మూడోది దక్కింది. పోయిన రెండిట్లోనూ మూడో క్వార్టరు దాకా మనదే పైచేయి. జట్టుకి 12 మంది ఉంటే 40 నిమిషాలూ ఆ 5 మందే ఆడారు. మిగతా 7 మందిని బెంచీకి మేకులేసి కొట్టినట్టు కూర్చోబెట్టారు. సిమెంటు కోర్టు, నాలుగింటి ఎండ. ఆఖర్లో మన పిలకాయలు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒగరుస్తా ఉంటే ఎగస్పార్టీ వాళ్లు తీరుబడిగా నడిచిపోయి రింగులో వేసొచ్చారు.

కావలి కుర్రోడు:
ఐదు ఫౌళ్లు నిండి యవతలి కేగగ
మేటి, కోచి పిలిచె మిన్నకున్న
పొట్టివాని, వాడు పోగానె మూడేసె
బల్ల మీద నున్న వాడె గెలిచె

ఇది మూడో ఆట. ఐదు ఫౌళ్లయితే ఇక ఆడనివ్వరు కదా, మన మేటి బయటికొచ్చేశాడు. కోచ్ పిలుపు రాగానే ఆ పిల్లోడికి కాళ్లాడలేదు. ఒక షూ లేసు ఊడిపోయుంటే కట్టుకోకుండా లోపలికి దోపేసి పరిగెత్తాడు. 6.75 మీటర్ల గీత అవతల నుంచి వేసిన మొదటి బంతే పడింది, మూడు పాయింట్లు.

ఒంగోలు మాస్టారు:
ఐ–య, మే–మి, పొ–పో, యతులన్నీ కుదిరాయి. 'మేటి' కర్త అయ్యుండి రెండో పాదంలోకి జారడం బాగుంది, మేటి బయటికి పోయినట్టే ఉంది. 'మూడేసె' మాత్రం గ్రామ్యం. 'మూడిచ్చె' అంటే గణమూ చెడదు.

కావలి కుర్రోడు:
ఇవ్వడానికి అదేమన్నా కట్నమా మాస్టారూ? వేశాడు. మా పక్క మూడేశాడనే అంటారు.

ఒంగోలు మాస్టారు:
తిక్కన గారి ఊరి వాళ్లతో వాదనెందుకు. ఉంచుకోండి.

బుచ్చి బాబాయి:
ఆడి యాడి పిల్ల లలసిరి పాపము
లెక్క రాయు మామ లెస్స గాను
మనకు రెండు రాయ మరచెను నిద్రలో
బల్ల మీద నున్న వాడె గెలిచె

నాది స్కోరర్ బల్ల.

ఒంగోలు మాస్టారు:
ఇంతవరకూ వచ్చినవాటిలో విరుపు దీనిదే. కానీ 'లెస్స గాను' ఊరికే పాదం నింపడానికొచ్చింది. 'లేవకుండ' అనండి, నిద్రకు ముందే అందుతుంది, యతీ నిలుస్తుంది.

పెన్నగట్టు:
లేవకుండ! బాబాయ్, మార్చెయ్. ఒక్క మాట, రిఫరీ స్కోరు షీటు మీద సంతకం పెట్టేలోపు అడిగితే ఆ తప్పు దిద్దించుకోవచ్చు. మన బెంచీలో ఎవరూ అడగలేదంటే మామ ఒక్కడే నిద్రపోలేదన్నమాట.

కందుకూరు:
మొదటిసారి రాస్తున్నా, తప్పులుంటే చెప్పండి.

బంతి పట్టి పరుగు తీసిన చాలునా
తోటివాని చూడ తోచదేమి?
పాసు లిచ్చు జట్టు పాటవ మెరిగిన
బల్ల మీద నున్న వాడె గెలిచె

ఒంగోలు మాస్టారు:
గణాలు సరిపోయాయి. మొదటి పాదంలో బ–తీ, యతి లేదు.

కావలి కుర్రోడు:
'పెట్టిన' అంటే సరి. పరుగు పెట్టిన.

ఒంగోలు మాస్టారు:
హల్లు కుదిరింది, అచ్చు కుదరలేదు. బ–పె చెల్లదు. 'పరుగు పరుగున పోయినా' అని చూడమ్మా.

కందుకూరు:
బంతి పట్టి పరుగు పరుగున పోయినా... నేను చెప్పాలనుకున్నది ఇదే అండీ! మన ఎత్తు పిల్లోడు బంతి దొరికితే పక్కన ఖాళీగా నిలబడినవాణ్ణి చూడనే చూడడు.

బుచ్చి బాబాయి:
సమస్య ఇచ్చినాయన పూరణ ఏదీ? తిట్టడం అయిపోయింది, పద్యం రాలేదు.

పెన్నగట్టు:
రెండో ఆట మీద రాశా.

అలసినట్టి వారి నాపడు పిలువడు
కోరడొక్క విరతి కోచి గారు
ఎదిరి జట్టు కోచి యేడుగురిని తిప్పి
బల్ల మీద నున్న వాడె గెలిచె

రెండో సగంలో 3 టైమవుట్లు (కోచి అడిగితే ఆట ఆపి ఇచ్చే విరామాలు) చేతిలో ఉంటాయి. దాచుకుంటే వడ్డీ రాదు, పై ఆటకి జమా కావు. వరసగా నాలుగు బుట్టలు పడతా ఉంటే ఒక్కటి అడిగి పిలకాయల గొంతులో నీళ్లు పొయ్యొచ్చు గదా!

ఒంగోలు మాస్టారు:
టైమవుటుకి 'విరతి' బాగా దొరికింది. బెంచీ మీద గెలిచినవాడు ఎగస్పార్టీ కోచి కావడం చమత్కారం. అయితే అంత నిందలో 'గారు' ఎందుకు? కో–కో యతి దగ్గరే చెల్లిపోయింది, ఆ తర్వాతది పాదం నింపడానికి తెచ్చినట్టుంది. నిందాస్తుతి అనుకోమంటారా?

పెన్నగట్టు:
అదేం కాదు మాస్టారూ. తొమ్మిదో తరగతిలో నా చేతికి బంతిచ్చి, పొద్దున్నే అయిదింటికి సైకిల్ మీద ఇంటికొచ్చి నిద్రలేపింది ఆయనే. గారు తీసేస్తే నాకు పద్యం నోట్లోంచి రాదు.

ఆదివారం ఆట కావలిలో. కుర్రోడా, గేటు దగ్గరుండు. ఆ పొట్టి పిల్లోడికి కొత్త లేసులు తెస్తా ఉండా.