ఫ్లోరైడ్: నీటి పరీక్షనూ ఇంటి సర్వేనూ కలిపేదెలా?
నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు బోరునీళ్ల ఫ్లోరైడ్‌నీ, అవి తాగిన ఇళ్ల సర్వేనీ కలిపి విశ్లేషించాలి. ల్యాబ్ పని తేలికే: ప్లాస్టిక్ సీసాలో నమూనా, అంతే పరిమాణంలో టిసాబ్ (ఫ్లోరైడ్‌ను వేరే లోహాలు పట్టుకోకుండా చూసే బఫర్ ద్రావణం), ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌తో రీడింగ్. టిసాబ్ కలపకపోతే అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టేసుకుని రీడింగ్ తగ్గిపోతుంది.

చిక్కంతా సర్వేలోనే. ఫ్లోరైడ్ వల్ల వచ్చే పంటి మచ్చలు 8 ఏళ్ల వయసులోపు తాగిన నీళ్లవల్ల వస్తాయి. మిషన్ భగీరథ నల్లా వచ్చాక ఇప్పటి నీళ్లు కొలిస్తే అప్పటి మోతాదు తెలీదు. అందుకే "ఏ బోరు, ఎన్నేళ్లు?" అని కాకుండా పెళ్లి, కాన్పు, బోరు వేసిన సంవత్సరం లాంటి గుర్తులు పట్టుకుని అడగాలనుకుంటున్నాం.

ఒకే బోరు ఇళ్లను విడివిడి నమూనాలుగా లెక్కిస్తే ఫలితం ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది కాబట్టి మల్టీలెవెల్ మోడల్ (ఇళ్లను బోరువారీ గుంపులుగా చూసే గణాంక పద్ధతి) వాడతాం. మరి బోరుకు ఎన్ని ఇళ్లు చాలు? ఇళ్లు పెంచాలా, బోర్లు పెంచాలా? ఇలాంటి సర్వే చేసినవాళ్లు దయచేసి చెప్పండి.